చింతపండు పెట్టి తోమిన పిన్ను

పోయిన ఆదివారం చర్చి అయిపోయాక హాల్లో టీ తాగుతున్నాను. కొత్తగా వచ్చిన నర్సమ్మాయి భర్త నా పక్కకొచ్చి కూర్చుని, "ఆంటీ, మా నాన్న వచ్చే నెల వస్తున్నారు. మూడు నెలలు ఇంట్లోనే అంటే ఆయనకి తోచదు. సెకండ్ హ్యాండ్ మెటల్ డిటెక్టర్ ఒకటి ఆన్‌లైన్లో చవగ్గా ఉంది. పార్కులో తిరుగుతూ పాత నాణేలు వెతుక్కుంటారు, కొనేద్దామనుకుంటున్నా," అన్నాడు. నేను టీలో ముంచిన బిస్కెట్టుని పైకి తీయడం మర్చిపోయాను. అది కాస్తా అడుక్కి దిగిపోయింది. "వద్దు బాబూ. లైసెన్సు లేకుండా ఆ మెషీను పట్టుకుని పాతకాలం వస్తువులు వెతకడం ఈ దేశంలో నేరం. గార్డులు ఇంటికొస్తారు," అన్నాను. గార్డులంటే ఇక్కడ పోలీసులు. ఆ అబ్బాయి నవ్వి, "మీకెలా తెలుసాంటీ?" అన్నాడు. "తెలుసులే," అని కప్పు కడగడానికి లేచాను. చర్చి హాల్లో నలుగురి మధ్యా చెప్పుకునే సంగతి కాదది. ఇక్కడైతే చెప్పొచ్చు.

మా మామగారు రైల్వేలో కీమేన్‌గా చేసి రిటైరయ్యారు. రైలెక్కేవాళ్ళకి డ్రైవరు తెలుసు, టీసీ తెలుసు, కీమేన్ అని ఒకడుంటాడని తెలియదు. భుజాన సుత్తీ పానా, చంకలో ఎర్రజెండా పెట్టుకుని, తనకప్పగించిన ఆరేడు కిలోమీటర్ల పట్టాల వెంట రోజూ నడుస్తూ, పట్టాల్ని పట్టి ఉంచే ఇనుప కీలు వదులైతే కొట్టి బిగించే మనిషి కీమేన్. వెళ్ళేటప్పుడు ఒక పట్టా, తిరిగొచ్చేటప్పుడు రెండో పట్టా. ముప్ఫై నాలుగేళ్ళు అలా నేల చూస్తూ నడిచారు కాబట్టి, రిటైరయ్యాక కూడా ఆయనకి తల ఎత్తి నడవడం అలవాటు కాలేదు. సుత్తి దెబ్బకి ఇనుము పలికే తీరుని బట్టి పట్టాలో పగులుందో లేదో చెప్పేవారట. తుప్పు రంగు చూసి అది ఎన్నాళ్ళ కిందట పట్టిందో చెప్పేవారట. ఈ 'అట'లన్నీ ఆయన నోటి నుంచి విన్నవే కావడంతో పెళ్ళయిన కొత్తలో నేను సగమే నమ్మేదాన్ని.

అత్తగారు పోయిన మరుసటి ఏడాది, ఫిబ్రవరిలో, మూడు నెలలుండి వెళదామని ఐర్లండ్‌లోని వాటర్‌ఫోర్డ్‌లో మా ఇంటికి వచ్చారు. మార్చి వచ్చేసరికి కోవిడ్ వచ్చింది, విమానాలు ఆగిపోయాయి. డెబ్భై దాటినవాళ్ళు గడప దాటకూడదని రేడియోలో చెప్పారు. ఆయనకి డెబ్భై ఒకటి. "రైల్వే రికార్డులో నాకు రెండేళ్ళు ఎక్కువేశారమ్మాయ్. అసలుకి నాకు అరవై తొమ్మిదే. ఆ సంగతి ఈళ్ళకి ఫోన్ జేసి చెప్పి సూడు," అన్నారు. పాస్‌పోర్టులో ఉన్న వయసు తప్పని ఈ దేశపు సర్కారుకి ఫోన్ చేసి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఆయన వంటగది కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, పక్కింటి పిల్లి ఎన్నిసార్లు గోడ దాటిందో లెక్కపెట్టుకుంటూ ఏప్రిల్ నెలంతా గడిపారు.

నేనప్పుడు హాస్పిటల్లో కోవిడ్ వార్డులో ఉన్నాను. డ్యూటీ నుంచి వచ్చి, వెనకాల షెడ్డులో బట్టలు మార్చుకుని, మెట్లెక్కి పై గదిలోకి వెళ్ళిపోయేదాన్ని. నా వల్ల ఆయనకి అంటుకుంటే అన్న భయం ఇరవై నాలుగు గంటలూ ఉండేది. ఒకే ఇంట్లో ఉండి ఆయనా నేనూ వెనక తోటలో ఆ చివరొకరు ఈ చివరొకరు నిలబడి మాట్లాడుకునేవాళ్ళం. ఇది కాక మా ఇంట్లో ఇంకొక భయం ఉండేది. ఆ ముందు ఏడాదే సిటిజెన్‌షిప్‌కి కాగితాలు పెట్టాం. అప్పటికి పదేళ్ళ కిందట నా వర్క్ పర్మిట్ మీద మొదలైన ఇక్కడి కాపురం, కాబట్టి ముందు నా పేరు మీదే దరఖాస్తు. మంచి నడవడిక ఉండాలని, పోలీసులతో ఏ వ్యవహారమున్నా చెప్పాలని, పెట్టాక ఏదైనా జరిగినా తెలియజేయాలని అందులో ఉంది. ఆ కాగితం పోస్టు చేసిన రోజు నుంచి మా ఆయన యాభై స్పీడు రోడ్డులో నలభై ఐదులో నడిపేవారు. వెనక హారన్లు కొట్టినా, "కొట్టుకోనీ, హారను కొట్టించుకోవడం నేరం కాదు," అనేవారు.

మేలో పెద్దవాళ్ళు కాసేపు నడవొచ్చని సడలించగానే, తండ్రికి కాలక్షేపంగా ఉంటుందని మెటల్ డిటెక్టర్ తెప్పించింది అంత జాగ్రత్త మనిషైన మా ఆయనే. మందుల ఫ్యాక్టరీలో ఆయనతో పనిచేసే ఒక విదేశీయుడు, తమ దేశంలో అందరూ ఇలాగే వెతుక్కుంటారని చెప్పాడట. వాళ్ళ దేశం వేరు, ఈ దేశం వేరని ఆయనకి తోచలేదు, నాకూ తోచలేదు. గేదె కొమ్ములా వంగిన పిడి, కింద చపాతీ పెనమంత చక్రం, చెవులకి హెడ్‌ఫోన్లు. మామగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మా వంటగదిలో గ్యాస్ పొయ్యి దగ్గర ఒకసారి ఊపారు. ఆయన మొహంలో అంత వెలుగు అత్తగారు పోయాక నేను చూడటం అదే మొదటిసారి. "ఇది సుత్తి కంటే బాగా పలుకుద్దమ్మాయ్," అన్నారు.

అప్పటినుంచి రోజూ పొద్దున్నే మాస్కు పెట్టుకుని, నది ఒడ్డునున్న పార్కుకి డ్యూటీకి వెళ్ళినట్టు వెళ్ళేవారు. అడ్డదిడ్డంగా తిరగరు. కంచె నుంచి బాట దాకా ఒక వరస, తిరిగి దాని పక్కనే ఇంకో వరస. మెషీను పలికిన చోట పాత గరిటతో గడ్డిని మూతలా లేపి, చేతికందింది తీసుకుని, మళ్ళీ మూత పెట్టి కాలితో నొక్కేవారు. తవ్వినట్టు ఎవరూ పోల్చుకోలేరు. కుక్కల్ని తిప్పేవాళ్ళు దూరం నుంచి చెయ్యి ఊపితే ఈయన గరిట ఊపేవారు. దొరికేవి ఎక్కువగా కూల్‌డ్రింకు డబ్బాల రింగులు, సీసా మూతలు, బొమ్మకారు చక్రాలు. అప్పుడప్పుడు యూరో రాకముందు నాటి నాణేలు దొరికేవి. వాటి మీద ఒకవైపు వీణలాంటి వాయిద్యం, రెండోవైపు జంతువులు. పెన్నీ మీద కోడి, దాని చుట్టూ పిల్లలు. అరపెన్నీ మీద పంది, దాని పిల్లలు. ఎద్దుంది, గుర్రముంది, కుందేలుంది, చేప ఉంది. "ఈళ్ళు మనలాంటోళ్ళేనమ్మాయ్. రాజుల్ని గాకుండా కోళ్ళనీ గొడ్లనీ ఏసుకున్నారు," అని ఆయన ఈ దేశాన్ని ఆ రోజే ఒప్పుకున్నారు. మనవరాలికి, అంటే మా అమ్మాయికి చూపిస్తే అది ఫోన్లోంచి తలెత్తి, ఐరిష్ యాసలో, "దట్స్ గ్రాండ్, తాతా," అని మళ్ళీ తల దించేసుకుంది.

ఆ నాణేలు మట్టికొట్టుకుని, నల్లగా, పచ్చగా ఉండేవి. తోమే పని నేను తీసుకున్నాను. మా అమ్మ రాగి బిందెలు తోమినట్టే, గోలీకాయంత చింతపండు నానబెట్టి, రాళ్ళ ఉప్పు కలిపి, కొబ్బరి పీచుతో రుద్దడం. సెలవు రోజున ఆయన ఒక స్టీలు గిన్నెలో వారం సరుకంతా పోసి, వెనక గోడ మీద పెట్టి, దూరంగా వెళ్ళి కూర్చునేవారు. నేను గిన్నె తీసుకుని షెడ్డు మెట్టు మీద కూర్చుని తోమేదాన్ని. నల్లటి బిళ్ళలోంచి కోడిపిల్ల కన్ను కనబడటం, ఆ తర్వాత ముక్కు కనబడటం ఎంత బాగుండేదో. వార్డులో మనుషులు నా చేతుల్లో నల్లబడిపోతున్న రోజులవి. ఇంటికొచ్చి ఏదో ఒక వస్తువుని మెరిసేలా చేయగలుగుతున్నానన్న తృప్తి నాకు ప్రార్థనలాగే పనిచేసింది. మామా కోడళ్ళం ఆ గిన్నె పుణ్యాన పెళ్ళయిన పదిహేనేళ్ళలో మాట్లాడుకోనన్ని మాటలు మాట్లాడుకున్నాం.

ఆగస్టులో పెద్ద గాలి వీచి, పార్కు చివర ఒక చెట్టు వేళ్ళతో సహా పడిపోయింది. ఆ వేళ్ళ గుంటలో మామగారికి ఒక సూది దొరికింది. జానెడు కంటే కాస్త తక్కువ పొడవు, పైన కదిలే చిన్న రింగు. రంగు ఆకుపచ్చ. ఆయన దాన్ని విడిగా ఒక కాగితంలో చుట్టి గిన్నెలో పెట్టారు. మర్నాడు నేను నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకుని లేచాను. ఆయన అప్పటికింకా పార్కు నుంచి రాలేదు. కాగితం ఎందుకు చుట్టారో అని ఆలోచించలేదు. విప్పి చింతపండులో నానేసి, ఎక్కడా పచ్చదనం మిగలకుండా పావుగంట రుద్దాను. బంగారంలా వచ్చింది. మన పైట పిన్నుకి ముత్తాతలా ఉందని నవ్వుకున్నాను. ఆయన రాగానే గోడ మీద పెట్టి, "చూడండి మావయ్యగారూ!" అన్నాను. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు. రింగు మీద సన్నని గీతలేవో ఉండాలన్నట్టు వేలితో తడిమారు. తర్వాత, "బాగా మెరిసిందమ్మాయ్," అన్నారు. తుప్పు చూసి వయసు చెప్పే మనిషని నాకు ఆ క్షణంలో గుర్తు రాలేదు.

గోడకి అటువైపు పక్కింటావిడ గులాబీలకి నీళ్ళు పోస్తోంది. లైబ్రరీలో పనిచేసి రిటైరయిన మనిషి. పిన్నుని చూసి ఆవిడ పైపు పక్కన పడేసింది. ఇది చాలా పాతదిలా ఉంది, ఎక్కడిదని అడిగింది. చెప్పాం. మెషీనుకి అనుమతి తీసుకున్నారా అని అడిగింది. లేదన్నాం. ఆవిడ మొహం మారిపోయింది. లోపలికెళ్ళి ఫోన్లో చూసుకొచ్చి మెల్లగా చదివి వినిపించింది. అనుమతి లేకుండా మెషీనుతో ఇలా వెతకడం నేరమట. ఇలాంటి పాత వస్తువు దొరికితే నాలుగు రోజుల్లోగా మ్యూజియం వాళ్ళకి తెలియజేయాలట, లేకపోతే అదింకో నేరమట. "నేనెవరితోనూ అనను, మీరే ఫోన్ చేస్తే మంచిది," అంది.

సాయంత్రం మా ఆయన ఫ్యాక్టరీ నుంచి రాగానే చెప్పాను. లంచ్ బాక్సు చేతిలో ఉండగానే గడ్డిలో కూలబడిపోయారు. కాసేపటికి లేచి, "ఇటివ్వండి. నదిలో పారేసొస్తా. ఎవరు చూశారు?" అన్నారు.

"నేను సూశాను గదరా," అన్నారు మామగారు.

"నాన్నా, గార్డులొచ్చి కేసు రాస్తే కాగితాలు పోతాయి. పదేళ్ళ కష్టం!"

"పట్టాలో పగులు సూసినోడు జెండా ఎత్తాల. సూడనట్టు ఇంటికొచ్చి అన్నం తింటే ఆ అన్నం ఎట్టా దిగుద్ది?"

"ఇది పట్టా కాదు, మా బతుకు!"

మామగారు నావైపు తిరిగి, "కాగితాలు నీ పేరు మీదియ్యి గదమ్మాయ్. నువ్వేది జెప్తే అది," అని లోపలికి వెళ్ళిపోయారు.

దాచడం ఎందుకు, నాకూ నదే మంచిదనిపించింది. ఒకటి కాదు, రెండు రోజులు అలాగే అనిపించింది. డ్యూటీలో ఇంజెక్షన్ ఇస్తూ కూడా నదిలో ఏ వైపు లోతు ఎక్కువో ఆలోచించాను. ఆ రెండు రోజులూ మామగారు పార్కుకి వెళ్ళలేదు. మళ్ళీ కిటికీ దగ్గర కుర్చీ, మళ్ళీ పిల్లి. కంచంలో అన్నం సగం అలాగే ఉండేది. నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగుంటే పోట్లాడేదాన్ని, పోట్లాడి నా దారిన నేను నదికి పోయేదాన్ని. మూడో రోజు పొద్దున్న, మా ఆయన బయల్దేరాక, మ్యూజియానికి ఫోన్ చేశాను. నా పేరు చెప్పడానికే రెండుసార్లు తడబడితే, అవతలి ఆవిడ ముందు నన్ను మంచినీళ్ళు తాగమంది.

మర్నాడు ఇద్దరొచ్చారు. మ్యూజియం ఆవిడ ఒకరు, మెషీను సంగతి చూడటానికి గార్డు ఒకడు. మా ఇంటి ముందు గార్డుల కారు ఆగడం వీధంతా చూసింది. వెనక తోటలో మాస్కులు పెట్టుకుని ఆరడుగులకొకరం నిలబడ్డాం. మా ఆయన గోడకి చేరగిలబడి నిలబడ్డారు, మొహంలో రక్తం చుక్క లేదు. మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, పైఆఫీసరు ఇన్‌స్పెక్షన్‌కి వస్తే కీమేన్ నిలబడినట్టు రెండు చేతులూ పక్కన పెట్టుకుని నిలబడ్డారు. మెషీను ఎవరు వాడారని గార్డు అడిగాడు. "మీ," అన్నారు ఆయన ఇంగ్లీషులో, నేనేనన్నట్టు గుండె మీద చెయ్యి వేసుకుని. మ్యూజియం ఆవిడ పిన్నుని చేతి తొడుగులతో పట్టుకుని చూసింది. సముద్రం మీద పడవల్లో వచ్చి ఈ ఊరు కట్టుకున్నవాళ్ళ కాలానిది, వెయ్యేళ్ళకి అటూ ఇటూ ఉంటుంది, చలికి కప్పుకున్న దుప్పటి జారకుండా ఇలా గుచ్చుకునేవాళ్ళు అని చెప్పింది. తర్వాత నెమ్మదిగా, ఇలా ఎందుకు మెరుస్తోందని అడిగింది. పైనుండే ఆ పచ్చటి పొర మురికి కాదట. లోపలి లోహాన్ని ఇన్నాళ్ళూ కాపాడింది అదేనట. మీద చెక్కిన పని కూడా చాలావరకు దాంతోపాటే పోయిందట. "ఎవరు శుభ్రం చేశారు?" అంది.

నేను నోరు తెరిచాను. "మీ," అన్నారు మామగారు మళ్ళీ. "ఐ వాష్. టామరిండ్. డాటరిన్‌లా డ్యూటీ, నో హోమ్." అంత ఇంగ్లీషు ఆయన దగ్గర ఉందని మాకెవరికీ తెలియదు. నేను తెరిచిన నోరు మూసుకున్నాను. కాగితాలు గుర్తొచ్చాయి, గోడ దగ్గర మా ఆయన మొహం కనబడింది. వార్డులో ఎంతమందికో ధైర్యం చెప్పిన దాన్ని, మా తోటలో ఒక్క వాక్యం చెప్పలేకపోయాను. మ్యూజియం ఆవిడ కోప్పడలేదు. కార్డు తీసి రాసుకుంది. ఎక్కడ దొరికింది, ఎంత లోతులో, ఎవరికి దొరికింది, దొరికిన మనిషే పులుపుతో తోమేశాడు అని. మామగారు ఇంటిపేరు ముందు రాయమని నా చేత చెప్పించి, అక్షరాలు దగ్గరుండి సరిచూసుకున్నారు. గార్డు ఆయన పాస్‌పోర్టు వివరాలు రాసుకుని, మెషీను కారులో పెట్టుకుని, తెలియక చేశారు, మీరే చెప్పారు, మళ్ళీ చేయకండి అన్నాడు. కేసు లేదు. "యు ఆర్ గ్రాండ్, సర్," అని, అంటే ఇక్కడి మాటలో ఏం పర్వాలేదని, వెళ్ళిపోయాడు. మా ఆయన అప్పుడు ఏడ్చారు.

వాళ్ళు వెళ్ళాక, "ఎందుకలా చెప్పారు మావయ్యగారూ?" అని అడిగాను.

"నాది విజిటర్ ఈసా. తప్పయితే ఇంటికి పంపిస్తారు. ఇంటికి పంపించమనే గదమ్మాయ్ నేను ఆర్నెల్ల నుంచి అడుగుతుంది," అని నవ్వారు.

అక్టోబరులో ఒక ప్రత్యేక విమానంలో చోటు దొరికి వెళ్ళిపోయారు. ఎయిర్‌పోర్టులో నేను ఆయన్ని దగ్గరికెళ్ళి పట్టుకోలేదు. దూరం నుంచే దండం పెట్టాను. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే బాధేస్తుంది. మరుసటి ఏడాది మా కాగితాలొచ్చాయి. ఆ రోజే ఆయనకి ఫోన్ చేసి, "ఇప్పుడు భయం లేదు మావయ్యగారూ. తోమింది నేనేనని మ్యూజియానికి రాస్తాను, మీ పేరు మీద నింద ఎందుకు," అన్నాను.

"వొద్దమ్మాయ్," అన్నారు. "ముప్ఫై నాలుగేళ్ళు పట్టాల మీద నడిచా. ఎన్ని రైళ్ళు పోయినాయో. యాడా నా పేరు రాసి లేదు. అక్కడన్నా ఉండనియ్యి."

నేను రాయలేదు. ఆయన పోయి రెండేళ్ళయింది. చింతపండుతో పోయిన పచ్చదనం మళ్ళీ రావాలంటే ఆ పిన్ను ఇంకో వెయ్యేళ్ళు మట్టిలో పడుకోవాలట. దాన్ని మళ్ళీ ఎవరూ మట్టిలో పెట్టరు. మేమంతా పోయాక కూడా అది అలా మెరుస్తూనే ఉంటుంది, నేను చేసిన తప్పుకి పక్కన ఆయన ఇంటిపేరు, పేరు, ఒక్క అక్షరం తప్పు లేకుండా.